వకాలత్ ముగిసింది, మరి అమానత్ ఎక్కడ?



మొన్న జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర ఒక చచా నన్ను ఆపాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఖవ్వాలీ పార్టీలో బ్యాంజో వాయించేవాడు. మన దగ్గర బ్యాంజో అంటే టైపు మిషన్ మీటల్లాంటివి నొక్కుతూ వాయించే బుల్‌బుల్ తరంగ్ అన్నమాట. దర్గా కొండ మీద ఉర్సుకి, గాజువాకలో షాదీలకి, అటు బరంపురం దాకా పోయి వాయించాడు. క్యాసెట్లు అమ్ముడుపోయిన రోజుల్లో నాలుగైదు క్యాసెట్లకీ వాయించాడు. అందులో నాత్‌లున్నాయి, ఖవ్వాలీలున్నాయి, రెండు తెలుగు జానపదాలు కూడా ఉన్నాయి.

కుర్తా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "బేటా, నువ్వు అఖ్‌బార్ వాడివి కదా, ఇది కాస్త చదివి చెప్పు" అన్నాడు.

ఉత్తరం మొత్తం ఇంగ్లీషులో ఉంది. వేరే నగరంలో ఉన్న ఒక చిన్న కళాకారుల సంఘం రాసింది. క్యాసెట్ కంపెనీల దగ్గర అంతో ఇంతో వసూలు చేసి సభ్యులకు పంచేది ఆ సంఘం. చచాకి ఏడాదికోసారి మనియార్డరో చెక్కో వచ్చేది. ఒకసారి ఎనిమిది వందలు, ఒకసారి పదమూడు వందలు. కొన్నేళ్ళుగా ఏమీ లేదు. ఇప్పుడు ఈ ఉత్తరం. సారాంశం ఇది: మా సంఘం మూసేస్తున్నాం, సభ్యులను ఒక పెద్ద సంస్థకు బదిలీ చేస్తున్నాం, జతపరచిన ఫారం నింపి ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళతో ఫలానా తేదీలోగా పంపాలి, పంపనివారి విషయంలో మాకు జిమ్మేదారీ లేదు.

ఆ తేదీ దాటి పదకొండు రోజులైంది. కోడలు అదేదో కరెంటు ఆఫీసు కాగితమనుకుని అల్మారాలో పెట్టేసిందట.

చదివి చెప్పాను. చచా కాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "నన్ను బదిలీ చేస్తారంటే, నేనేమన్నా సర్కారీ నౌకర్నా బేటా?"

నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చాక ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఆ సంఘం పేరు రాయను, చచా కూడా వద్దన్నాడు. దాన్ని నడిపినవాళ్ళు దొంగలని నేను అనడం లేదు. చిన్న సంఘం, ఓపిక అయిపోయి ఉంటుంది. నా బాధ వేరు. పాట మీద వచ్చే పైసా వసూలు చేసే సంస్థ మూతపడితే, సభ్యుడు ఎవరి చేతికి పోతాడు? ఎవర్ని అడిగి? అతని బాకీ ఎవరు తీరుస్తారు? ఇది ఒక్క చచా సవాల్ కాదు, మన మొత్తం దేశంలో గత పదేళ్ళుగా జవాబు లేకుండా నలుగుతున్న సవాల్.

ముందు అసలు రాయల్టీ ఎలా నడుస్తుందో సీదాగా చెప్పుకుందాం. బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఉందనుకోండి. డిసెంబరు 31 రాత్రి సినిమా పాటలు పెట్టి, టికెట్లు అమ్మింది. ఆ ఒక్క పాటలో మూడు రకాల హక్కులున్నాయి. పాట రాసిన షాయర్‌దీ, స్వరం కట్టినవారిదీ ఒకటి. రికార్డు చేసి అమ్మిన కంపెనీది రెండోది. పాడిన గొంతుదీ, వాయించిన చేతులదీ మూడోది. మొదటి హక్కుకి వసూలు చేసేది ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. పొట్టిగా ఐపీఆర్ఎస్. 1969లో పుట్టింది. రెండోదానికి ఫోనోగ్రాఫిక్ పర్ఫార్మెన్స్ లిమిటెడ్, అంటే పీపీఎల్, ఇంకా ఒకటి రెండు కంపెనీలు ఉన్నాయి. మూడోదానికి గాయకులు 2013లో ఇస్రా అని పెట్టుకున్నారు. తర్వాత వాద్యకారులను కూడా కలుపుకుని అది ఇసామ్రా అయింది.

ఏ షాయరూ ప్రతి హోటల్‌కీ పోయి నా పాట పెట్టావా అని అడగలేడు. కాబట్టి ఒక సంస్థకి వకాలత్ ఇస్తాడు. నా తరఫున నువ్వు వసూలు చెయ్, ఖర్చు పోను నాకు తక్సీమ్ చెయ్ అంటాడు. వసూలు, వకాలత్, జమా, బాకీ, రసీదు, ఖాతా. చూడండి, ఈ లావాదేవీలో ఉన్న తెలుగు మాటలన్నీ మన ఉర్దూ ఇంటి నుంచి వచ్చినవే. హక్కు అనే మాట కూడా అరబీ హఖ్ నుంచే వచ్చింది. విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కిన ప్రతివాడి నోటా నలిగిన మాట అది. ఉక్కుకి ప్రాస కుదిరింది కాబట్టి అందరికీ గుర్తుంది. పాటకి ప్రాస కుదరలేదు, దాని హక్కు ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు బదిలీ సంగతికి వద్దాం. చాలామంది దీన్ని బ్యాంకుల విలీనంలా చూస్తారు. 2020 ఏప్రిల్ 1న మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు. మనకి దిల్‌లో కలుక్కుమంది గానీ, ఖాతాలో రూపాయి పోలేదు. బోర్డు మారింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది, డబ్బు అలాగే ఉంది. అలాగే ఇక్కడా సభ్యులను ఆ రిజిస్టర్లోంచి ఈ రిజిస్టర్లోకి ఎక్కిస్తే సరిపోదా అంటారు.

సరిపోదు. బ్యాంకులో నేను పెట్టింది పైసా. పైసాకి లెక్క తెలుసు. రాయల్టీ సంస్థలో నేను పెట్టింది భరోసా. నా పేరుతో ఎక్కడెక్కడ ఏం వసూలైందో నాకు తెలియదు, వాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. ఫిఖహ్ కితాబుల్లో వకాలత్ బాబ్ చదువుకున్నవారికి రెండు మాటలు తెలుసు. వకాలత్ ఇచ్చినవాడు గానీ పుచ్చుకున్నవాడు గానీ చనిపోతే ఆ వకాలత్ ఖతం. ఇక, ఇచ్చినవాడి ఇజాజత్ లేకుండా ఒక వకీల్ తన వకాలత్‌ను ఇంకో వకీల్‌కి అప్పగించలేడు. ఇదేదో మౌల్వీల మాట అని కొట్టిపారేయకండి. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం ఏజెంట్ల గురించి చెప్పేది కూడా దాదాపు ఇదే.

సంస్థ మూతపడటం అంటే వకీల్ ఇంతెఖాల్ అవటమే. అప్పుడు వకాలత్ సభ్యుడి చేతికి తిరిగి రావాలి. ఆ తర్వాత అతను తన రజామందీతో ఇంకొకరికి ఇస్తాడో, ఇంట్లోనే పెట్టుకుంటాడో అతని ఇష్టం. చచా అడిగింది ఇదే. మనిషి బదిలీ కాడు. బదిలీ కావాల్సింది లెక్కల పుస్తకం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని సంస్థలు ఉత్త వకాలత్ పుచ్చుకోవు, హక్కునే రాయించుకుంటాయి. అసైన్‌మెంట్ అంటారు. అలా రాయించుకున్న సంస్థ దివాళా తీసినా మూతపడినా, ఆ పాటల హక్కులు సంస్థ ఆస్తిలాగా లెక్కలోకి వచ్చే ఖతరా ఉంది. బాకీలవాళ్ళు కుర్చీలూ బల్లలూ పంచుకున్నట్టు పాటలు కూడా పంచుకుంటే? కాబట్టి సంతకం పెట్టేముందు చూడాల్సిన మొదటి వాక్యం ఇదే: సంస్థ లేకుండా పోతే నా హక్కు నాకు తిరిగి వస్తుందా, రాదా?

కానూన్ ఏమంటోంది? ఈ కహానీ కొంచెం పొడుగు, సబర్‌తో వినండి.

1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఐపీఆర్ఎస్‌కీ సినిమా నిర్మాతలకీ మధ్య కేసు అది. సినిమా కోసం పైసలిచ్చి పాట చేయించుకుంటే ఆ పాట నిర్మాతదే అవుతుందని కోర్టు తేల్చింది. అదే తీర్పుకి జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక నోట్ జోడించారు. పాడేవాడికి చట్టంలో హక్కే లేదు, పార్లమెంటు ఈ సంగతి చూడాలని అందులో వాపోయారు. పార్లమెంటు చూడటానికి 35 ఏళ్ళు పట్టింది. 2012 మేలో కాపీరైట్ సవరణ రెండు సభల్లోనూ పాసైంది, జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. రాజ్యసభలో ఉన్న జావేద్ అఖ్తర్ సాహెబ్ దాని కోసం గట్టిగా మాట్లాడారు. పాట రాసినవారు, స్వరం కట్టినవారు సినిమా హాలు బయట వచ్చే రాయల్టీలో తమ వాటాని వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదని ఆ చట్టం చెప్పింది. గాయకుడికీ వాద్యకారుడికీ కూడా వాణిజ్య వాడకంలో వాటా ఉందని చెప్పింది. రాయల్టీ సొసైటీ పాలకవర్గంలో రచయితలు, యజమానులు సమాన సంఖ్యలో ఉండాలని చెప్పింది. పాత సొసైటీలన్నీ ఏడాదిలోగా మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలనీ, ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకే చెల్లుతుందనీ చెప్పింది.

ఇక్కడే గడబిడ మొదలైంది. పీపీఎల్ తన దరఖాస్తుని 2014లో వెనక్కి తీసుకుంది. సొసైటీ హోదా వదిలేసి, మామూలు కంపెనీగా లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఐపీఆర్ఎస్ కూడా కొన్నేళ్ళు రిజిస్ట్రేషన్ లేకుండానే గడిపి, 2017 నవంబరు 28న మళ్ళీ రిజిస్టరై జావేద్ అఖ్తర్ సాహెబ్ ఛైర్మన్‌గా కొత్తగా మొదలైంది. రికార్డింగుల కోసం 2021లో ఆర్ఎంపీఎల్ అనే ఇంకో సొసైటీ రిజిస్టరైంది. పీపీఎల్‌కి సొసైటీ హోదా లేకుండా లైసెన్సులిచ్చే అధికారం ఉందా అన్న తగాదా కోర్టుల్లో తిరుగుతూనే ఉంది. 2025 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ లేదంది, వెంటనే సంగతి సుప్రీంకోర్టుకి చేరింది.

ఈ పదేళ్ళ కహానీలో సంస్థలు పుట్టాయి, హోదా పోగొట్టుకున్నాయి, పేరు మార్చుకున్నాయి, మళ్ళీ పుట్టాయి. ప్రతి మలుపులోనూ వకీళ్ళు వాదించారు, కంపెనీలు వాదించాయి, హోటళ్ళు వాదించాయి. ఏ మలుపులోనైనా ఎవరైనా సభ్యుడి ఇంటికొచ్చి, నీ వకాలత్ ఇప్పుడు ఫలానా చోట ఉంది, ఉంచమంటావా తీసుకుంటావా అని అతని జుబాన్‌లో అడిగారా? కాపీరైట్ చట్టం 33వ సెక్షన్ చూడండి. సొసైటీని సరిగ్గా నడపకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. విచారణ జరిగే లోగా ఏడాది దాకా సస్పెండ్ చేసి అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టే అధికారమూ ఇచ్చింది. కానీ రద్దయిన మర్నాడు సభ్యుడు ఎక్కడ నిలబడాలో ఆ సెక్షన్లో మాట లేదు. 34వ సెక్షన్ మాత్రం సభ్యుడికి తన అధికార పత్రాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఇచ్చింది. మంచి హక్కే. కానీ ఆ హక్కు ఉందని ఎంతమందికి తెలుసు?

అలా అని చట్టానికి ఈ సోయి ఎన్నడూ లేదనలేం. 1994 సవరణతో పాత పర్ఫార్మింగ్ రైట్స్ సొసైటీల పద్ధతి పోయి, కాపీరైట్ సొసైటీల పద్ధతి వచ్చింది. అప్పుడు చట్టంలో 36ఏ అని చిన్న సెక్షన్ ఒకటి రాశారు. పాత సొసైటీల విషయంలో అప్పటికే ఏర్పడిన హక్కులూ బాధ్యతలూ చెక్కుచెదరవని దాని మతలబ్. అంటే ఇల్లు మారేటప్పుడు సామాను జాబితా రాసుకోవాలన్న ఇంగితం అప్పటివాళ్ళకి ఉంది. అలాంటి మాట ప్రతి మూతకీ, ప్రతి విలీనానికీ వర్తించేలా ఇప్పుడు ఎందుకు రాయలేం?

జాబితా అంటే విశాఖవాళ్ళకి వివరించి చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చారు. కార్డు ఉండీ ఉద్యోగం రానివారు ఇంకా ఉన్నారు. నేను రిపోర్టరుగా ఆ ఊళ్ళలో తిరిగినప్పుడు ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ సంచి చూశాను, అందులో ఆ కార్డు. పేరులో ఒక అక్షరం తేడా, తండ్రి పేరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా, అంతే, మనిషి జాబితాలోంచి జారిపోతాడు. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారాన్ని అమ్మేస్తామన్నప్పుడు వాళ్ళు మొదట అడిగింది అదే. కంపెనీ ఎవరి చేతికి పోయినా పోనీ, మా కార్డు ఎవరి చేతికి పోతుంది?

చచా దగ్గరా అలాంటి సంచే ఉంది. అందులో క్యాసెట్ అట్టలు దాచుకున్నాడు. ఒక అట్ట మీద తెలుగులో అతని ముద్దుపేరు ఉంది, ఇంటిపేరు లేదు. ఇంకో అట్ట మీద 'బ్యాంజో' అని ఉండి పక్కన పేరే లేదు. ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, బ్యాంకులో ఇంకొకటి. సంతకం మాత్రం ఉర్దూలో పెడతాడు. ఒకే మనిషి మూడు లిపుల్లో నాలుగు పేర్లతో ఉన్నాడు. మన ఇళ్ళలో ఇది మామూలే. షేక్ ముందొస్తుందా వెనకొస్తుందా, మహమ్మద్‌ని ఎన్ని అక్షరాలతో రాయాలి అన్నది క్లర్కు మూడ్‌ని బట్టి ఉంటుంది.

దీనికి ప్రపంచంలో ఇలాజ్ ఉంది. పాట రాసేవారికీ స్వరం కట్టేవారికీ ఐపీఐ అనే నంబరు ఇస్తారు. మనిషికి ఎన్ని కలంపేర్లున్నా అవన్నీ ఒకే మనిషివని దాంతో తెలుస్తుంది. పాటకి ఐఎస్‌డబ్ల్యూసీ, రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ అనే నంబర్లున్నాయి. సంస్థ మూతపడినా ఈ నంబర్లు సరిగ్గా ఉంటే పైసా దారి తప్పదు. నంబర్లు లేని పాత క్యాసెట్ల సాజిందాలే దారి తప్పేది. పెద్ద గాయకుడి బదిలీ ఒక్క ఈమెయిల్‌తో అయిపోతుంది. అతని వెనక హార్మోనియం, ఢోలక్, బ్యాంజో పట్టుకుని కూర్చున్నవాళ్ళ బదిలీకి సాక్ష్యం కావాలి, ఆ సాక్ష్యం అల్మారాలో చెదలు తింటోంది.

కొందరు దోస్తులు అడిగారు. నువ్వు ముసల్మాన్‌వి, మౌసిఖీ పైసా గురించి నీకెందుకు తకరార్, అదే మక్రూహ్ కదా, హరామ్ కదా అని. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా నా పని కాదు. మౌసిఖీ గురించి ఉలమాలో ఉన్న ఇఖ్తిలాఫ్ నాకు తెలుసు, అది వాళ్ళకే వదిలేస్తాను. కానీ ఒక్క సంగతి. చచా క్యాసెట్లలో హమ్ద్‌లూ నాత్‌లూ ఉన్నాయి. వాటిని అమ్ముకున్నవాడు పైసా తీసుకున్నాడు. చెమట ఆరకముందే మజూరీ ఇచ్చేయమన్న హదీస్‌లో, ఫలానా పని చేసినవాడికి మాత్రం ఎగ్గొట్టవచ్చని మినహాయింపు లేదు. ఖురాన్‌లో అన్నింటికంటే పొడుగాటి ఆయత్ దేని గురించి అనుకుంటున్నారు? నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పుని కాగితం మీద రాసుకోవడం గురించి. రాసేవాడు ఇన్సాఫ్‌తో రాయాలి, సాక్షులుండాలి. మూతపడే సంఘం ఉత్తరం రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది అదే.

ఇంకో రకం వాదన కూడా ఉంది. ఒకసారి మజూరీ పుచ్చుకున్నాక మళ్ళీ మళ్ళీ అడగడమేంటని. ఈ మాట నేనెంతో మొహబ్బత్‌తో వినే రఫీ సాహెబ్‌ది. 1960ల మొదట్లో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీలో వాటా కావాలని అడిగారు. రఫీ సాహెబ్ ఒప్పుకోలేదు. నిర్మాత నష్టానికి సిద్ధపడి పైసా పెట్టాడు, నా పాటకి నాకు ఇచ్చేశాడు, అక్కడితో హిసాబ్ బరాబర్ అన్నది ఆయన తీరు. కొన్నేళ్ళు ఇద్దరూ కలిసి పాడలేదు. 'భలే తమ్ముడు' లో రామారావు గారికి పాడి, 'అక్బర్ సలీం అనార్కలి' లోనూ పాడి తెలుగువాళ్ళ దిల్ కూడా దోచుకున్న గొంతు అది. ఆయనది ఫకీరీ మనసు, పైసా కోసం చెయ్యి చాచని ఖనాఅత్. దానికి సలాం. కానీ ఒక మనిషి తన హక్కు వదులుకోవడం ఆయన సఖావత్, పదిమంది హక్కుని కంపెనీ తినేయడం సఖావత్ కాదు. రఫీ సాహెబ్‌కి పేరుంది, గిరాకీ ఉంది. ఆయన వెనక వాయించిన సాజిందాకి ఏముంది? చివరికి 2012 చట్టం లతా గారు అడిగిన వైపే నిలబడింది.

సంస్థలు అసలు మూతపడకూడదని నేను అనడం లేదు. నిజానికి కొన్ని మూతపడాలి, కొన్ని కలవాలి. ఇవాళ ఒక హోటల్‌వాడిని అడగండి, ఎన్ని కంపెనీల పేరుతో ఎంతమంది వచ్చి లైసెన్స్ అడుగుతున్నారో. షాదీఖానాలకు కూడా వచ్చి బెదిరించినవాళ్ళున్నారు. మతపరమైన వేడుకలో, పెళ్ళి ఊరేగింపుతో సహా, పాట పెట్టుకుంటే రాయల్టీ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. 2023 జులైలో కేంద్రం దాన్ని మళ్ళీ నోటీసు వేసి మరీ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి కిటికీలు తగ్గితే మంచిదే. బ్రిటన్‌లో కళాకారుల సంస్థలు రెండు, పామ్రా, ఆరా, 2006లో అక్కడి పీపీఎల్‌లో కలిసిపోయాయి. 2018 నుంచి అక్కడి దుకాణాలూ హోటళ్ళూ ఒకే లైసెన్స్‌తో సరిపెట్టుకుంటున్నాయి. కెన్యాలో ఇంకో రకంగా జరిగింది. 2017లో అక్కడి అధికారులు పాత సంస్థకి లైసెన్స్ ఆపేసి కొత్త సంస్థకి ఇచ్చారు. సంగీతకారులు ఎవరి కింద ఉన్నారో తేలక, సంగతి కోర్టుల దాకా పోయింది.

వకీల్ ఎవరో తేలకపోతే ఏమవుతుందో మనం ఇక్కడే చూశాం. 2017 మార్చిలో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు ఇజాజత్ లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్ళింది. నలభై ఏళ్ళ దోస్తీ. ఇద్దరిలో ఎవరిది తప్పని తీర్పు చెప్పడానికి నేనెవర్ని. కచేరీ పెట్టినవాడు ఎవరి దగ్గరికి పోయి ఎంత కట్టాలో అందరికీ సాఫ్‌గా తెలిసి ఉంటే, ఆ నోటీసు బాలు గారి చేతికి వచ్చేదే కాదు. సంస్థల మీద భరోసా పోయినప్పుడు మనుషుల మధ్య కాగితాలు తిరుగుతాయి.

ఇది పోయినవాళ్ళ సంగతి కూడా. మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ 1983లో వెళ్ళిపోయారు. రాసినవారు పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఆయన రచనల మీద అది 2043 చివరిదాకా నడుస్తుంది. ఆరుద్ర కూడా మన ఊరివారే, 1998లో పోయారు, ఆయనది 2058 దాకా. అంటే ఒక పాట హక్కు దాన్ని చూసుకునే సంస్థ కన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. ముసల్మాన్ ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. ఫారంలో నామినీ అని ఒక్క పేరే రాయిస్తారు. కానీ విరాసత్‌లో బీవీకి ఒక హిస్సా, కొడుకులకూ కూతుళ్ళకూ హిస్సాలుంటాయి. నామినీ అంటే పైసా అందుకునేవాడే, మొత్తానికి మాలిక్ కాడు. ఈ సంగతి రాసి పెట్టకపోతే రేపు ఎనిమిది వందల రూపాయల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. అలాంటివి చూశాను.

కాబట్టి నా మాట ఇది. ఒక రాయల్టీ సంస్థ మూతపడినా, ఇంకోదానిలో కలిసినా, ఈ పనులు అయ్యాకే తాళం వేయాలి.

మొదటిది, వసూలైన పైసా ముందు తక్సీమ్ కావాలి. చేతిలో ఉన్నది సభ్యుల అమానత్, సంస్థ జాయిదాద్ కాదు. జీతాలూ అద్దెలూ దాన్నుంచి కట్టకూడదు. ఎవరెవరికి ఎంత బాకీ ఉందో ఆడిట్ చేయించి పేరు పేరునా చెప్పాలి.

రెండోది, బదిలీ కాదు, రజామందీ. ప్రతి సభ్యుడికీ వకాలత్ తిరిగి ఇచ్చి, ఎక్కడికి పోతావని అడగాలి. జవాబు రాకపోతే అది ఒప్పుకున్నట్టూ కాదు, వదులుకున్నట్టూ కాదు. అతని వాటా విడిగా భద్రం చేసి, కొత్త సంస్థ దాన్ని అమానత్‌గానే దాచాలి. పదిహేను రోజుల గడువు పెట్టి ఆ తర్వాత జిమ్మేదారీ లేదనడం ఖియానత్.

మూడోది, దొరకనివారి జాబితా అందరికీ కనపడేలా పెట్టాలి. తెలుగులో, ఉర్దూలో, ముద్దుపేర్లతో సహా. ఆకాశవాణి విశాఖ కేంద్రంలో చదివించండి, దర్గా దగ్గర అంటించండి, కళాభారతి గోడ మీద అంటించండి. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఎక్కడ తిరుగుతారో ఈ ఊరందరికీ తెలుసు, ఢిల్లీకీ ముంబైకీ తెలియకపోతే మనల్ని అడగనీ.

నాలుగోది, కొత్త ఇంట్లో పాత సభ్యులకు కుర్చీ ఉండాలి. పాలకవర్గంలో పాట రాసినవారికి సమానంగా చోటివ్వాలని చట్టం ఇప్పటికే చెప్పింది. అలాగే సాజిందాల తరఫున మాట్లాడేవాడు కూడా ఒకడు ఆ బల్ల దగ్గర ఉండాలి. పెద్ద సంస్థలో కలవటమంటే పెద్దవాళ్ళ పాటల కింద చిన్నవాళ్ళ పాటలు నలగడం కాకూడదు.

ఈ నాలుగూ 33వ సెక్షన్లో చిన్న సవరణతో రాయవచ్చు. 36ఏ రాసిన పార్లమెంటుకి ఇది కొత్త విద్య కాదు.

ఇక మీతో ఒక గుజారిష్. మీ ఇంట్లో ఎవరైనా క్యాసెట్‌కి పాడినా, వాయించినా, రాసినా, ఆ అట్టలు పారేయకండి. ఫోన్‌లో ఫోటో తీసి దాచండి. రికార్డింగు ఎక్కడ జరిగింది, ఏ ఏడాది, పక్కన ఎవరెవరు వాయించారు, ఆ పెద్దాయన బతికుండగానే అడిగి రాసుకోండి. ఎవరైనా ఇంగ్లీషు ఫారం పట్టుకొస్తే చదివిపెట్టండి. నేను ఉర్దూ మీడియం బళ్ళో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఇంగ్లీషు ఫారం ముందు కూర్చుంటే నాకే చెమటలు పడతాయి, చచా సంగతి చెప్పేదేముంది.

ఆ శనివారం మేమిద్దరం కూర్చుని ఫారం నింపాం. గడువు దాటాక పంపుతున్నందుకు కారణం రాస్తూ, గడువు పెట్టే హక్కు వారికి లేదని కూడా నేను మర్యాదగా ఒక వాక్యం చేర్చాను. నాలుగు పేర్లూ మూడు లిపుల లెక్కలూ వేరే కాగితం మీద రాసి, క్యాసెట్ అట్టల ఫోటోలు జతచేశాం. సంతకం దగ్గరికి వచ్చాక చచా ఆగాడు. "ఇంగ్లీషులో పెట్టాలా?" అన్నాడు. బ్యాంకులో ఎలా పెట్టారో అలాగే పెట్టండి అన్నాను. కుడి నుంచి ఎడమకి మెల్లగా రాశాడు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు తీసుకుని తన ప్లాస్టిక్ సంచిలో క్యాసెట్ అట్టల పక్కన పెట్టుకున్నాడు.

జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను, ఇన్షా అల్లాహ్.

వస్సలామ్.